రాజముఖము – అంగరాగము – వెండితెర

గతించిన రాజు ముఖము ఎట్లుండినదో తెలిసికొనుటకు పూర్వులు మనకు మూడు దారులు విడిచిపోయినారు. కవి చేసిన వర్ణన ఒకటి, శిల్పి పోసిన ప్రతిమ ఒకటి, కన్నులార చూచినవాడు వ్రాసి పెట్టిన మాట ఒకటి. 20వ శతాబ్దములో వీనికి నాలుగవది చేరినది, అది వెండితెర. నేడు శ్రీకృష్ణదేవరాయలు అనగానే తెలుగువాని మనస్సులో మెదలే రూపము మొదటి మూడు దారుల వెంట వచ్చినది కాదు. అది స్టూడియోలో దీపాల వెలుగున తయారైనది. ఈ నాలుగు దారులు ఒకే ముఖమునకు చేరుతున్నవా? చేరనిచోట మనము దేనిని నమ్మి వ్రాయవలెను? చారిత్రక నవలలు, నాటకములు, చలనచిత్ర కథలు వ్రాసేవారు మన భాషలో ఎందరో ఉన్నారు గనుక ఈ ప్రశ్న కేవలము చరిత్రకారులకు విడిచిపెట్టదగినది కాదు.

మొదట కన్నవాని మాట చూతము. పోర్చుగీసు దేశస్థుడైన దోమింగో పాయెస్ 1520–22 ప్రాంతములో విజయనగరములో ఉన్నాడు. అతని వృత్తాంతము శతాబ్దాల పాటు వ్రాతప్రతిగానే ఉండిపోయినది. పారిస్ నగరపు జాతీయ గ్రంథాలయములో ఉన్న ఆ ప్రతిని దావిద్ లోపెష్ 1897లో పోర్చుగీసులో అచ్చు వేయించగా, 1900లో రాబర్ట్ సూయెల్ తన ‘ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్’ గ్రంథములో దానిని ఆంగ్లములోనికి తెచ్చినాడు. విజయనగరమును గురించి మనము నేడు చెప్పుకొనే సంగతులలో చాలభాగము ఆ అనువాదము నుండి వచ్చినవే. పాయెస్ రాయలను గుంపులో నిలిచి దూరమునుండి మాత్రమే చూచినవాడు కాడు. క్రిస్తోవావో ద ఫిగెయిరెదో అనే పోర్చుగీసు నాయకునితో కూడ రాజదర్శనమునకు వెళ్ళిన బృందములోనివాడు.

అతడు చెప్పిన రూపము క్లుప్తము. రాజు మధ్యరకపు పొడవు గలవాడు, తెల్లని ఛాయ, చక్కని అంగసౌష్ఠవము, సన్నమనుట కంటె కొంచెము స్థూలమని చెప్పదగిన శరీరము, ముఖము మీద మశూచి మచ్చలు. ఆ వెంటనే, ఇంతగా జనులు భయపడే రాజు, ఇంత పరిపూర్ణుడైన రాజు మరొకడు ఉండబోడన్నట్లు చెప్పి, ఆయన ఉల్లాసవంతుడనీ, పరదేశీయులను ఆదరించేవాడనీ, గొప్ప న్యాయపాలకుడనీ, అప్పుడప్పుడు ఆకస్మికముగా కోపము తెచ్చుకొనేవాడనీ చేర్చినాడు.

ఇక్కడ అనువాదకుడు ఒక్క క్షణము ఆగవలెను. సూయెల్ పాఠములో మచ్చల మాటకూ పరిపూర్ణత మాటకూ నడుమ ‘అయినను’ అనే అర్థమిచ్చే పదమేదీ లేదు. ముఖము మీద మచ్చలు ఉన్నవి, రాజు పరిపూర్ణుడు. రెండును ఒకదాని ప్రక్కన ఒకటి నిలిచి ఉన్నవి. తెలుగులో ఈ చోటు వ్రాసేవానికి రెండు ప్రలోభములు కలుగుతవి. మచ్చలను విడిచివేయుట మొదటిది. మచ్చలకూ గొప్పతనమునకూ మధ్య ఒక ‘అయినను’ చేర్చి రాజును క్షమించినట్లు వ్రాయుట రెండవది. మొదటిది సత్యమును దాచుట, రెండవది లేని వైరుధ్యమును కల్పించుట. పాయెస్ చూపు ఈ రెంటికంటె ఆరోగ్యకరమైనది.

అయితే విజయనగర ప్రభువులకు దేహసౌందర్యము మీద శ్రద్ధ లేదని దీనికి అర్థము కాదు. ఆ శ్రద్ధ ఎంతటిదో పాయెస్ వ్రాతలోనే ఉన్నది. రాయలు తెల్లవారకమునుపే లేచి ముప్పావు పైంటు నువ్వులనూనె త్రాగేవాడు. అదే నూనెను ఒళ్ళంతా పట్టించుకొనేవాడు. చిన్న వస్త్రము మాత్రము కట్టుకొని బరువైన మట్టి గుండ్లు ఎత్తేవాడు. పిమ్మట కత్తి పట్టి, పట్టించిన నూనె అంతా చెమటతో కారిపోయేవరకు సాధన చేసేవాడు. ఒక మల్లునితో కుస్తీ పట్టేవాడు. గుర్రమెక్కి తెల్లవారేదాక మైదానములో తిరిగేవాడు. ఇదంతా అయిన తరువాత ఒక బ్రాహ్మణుడు ఆయనకు స్నానము చేయించేవాడు. ఆ తరువాత దేవాలయము. ఆ తరువాతనే రాజకార్యము. అనగా అభ్యంగనము అలంకారమునకు ముందు జరిగే విలాసము కాదు. అది దినచర్య, వ్యాయామము, శౌచము, దేవపూజ, కొలువు అనే వరుసలో మొదటి మెట్టు.

ఈ వరుస విజయనగరములో పుట్టినది కాదు. పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దములో రచించిన ‘మానసోల్లాసము’ రాజు అనుభవింపదగిన ఉపభోగములను ఒక్కొక్కటిగా విడదీసి చెప్పినది. స్నానము, తాంబూలము, విలేపనము, వస్త్రము, మాల్యము, భూషణము, ధూపము — ఇవన్నీ అందులో వేర్వేరు ఉపభోగములు. గృహము, ఆస్థానము, అన్నపానీయములు కూడ ఆ పట్టికలోనివే. గంధము పూసికొనుట, సభ తీర్చుట ఒకే శాస్త్రములో చేరినవన్నమాట. అంతకంటె ఎంతో ముందు, 6వ శతాబ్దములో, వరాహమిహిరుడు ‘బృహత్సంహిత’లో గంధయుక్తికి ఒక అధ్యాయమే కేటాయించినాడు. 16 ద్రవ్యముల నుండి నాలుగేసి చొప్పున ఎన్నుకొంటే 1,820 విధములు వచ్చునని అతడు లెక్క కట్టినాడు. జ్యోతిష్కుని గణితము పరిమళముల పెట్టెలోనికి ప్రవేశించినది. అదే అధ్యాయములో నెరసిన వెండ్రుకలకు నలుపు వేసే విధానము కూడ ఉన్నది. నెరసిన తల మీద మాలలు, గంధములు, వస్త్రభూషణములు శోభింపవు గనుక ముందు తల చూచుకొనవలెనని అతని తాత్పర్యము. రాజులు వయస్సును దాచుకొనుట మనకు క్రొత్త కాదు.

విజయనగరమునకే తిరిగి వస్తే, 1443లో తైమూరు వంశీయుడైన షారుఖ్ పంపగా వచ్చిన రాయబారి అబ్దుర్ రజాక్ రెండవ దేవరాయలను చూచినాడు. చామనఛాయ, సన్నని పొడవైన దేహము, మెడలో ముత్యాల హారము అతని కంటికి ఆనినవి. నగరములో గులాబీలు అమ్మని చోటు లేదనీ, అక్కడి జనులు అన్నము లేకపోతే ఎట్లో గులాబీలు లేకపోతే అట్లే బాధపడుదురన్నట్లుగానూ వ్రాసినాడు. తాంబూలము అతనిని మరింత ఆశ్చర్యపరచినది. అది ముఖమునకు కాంతి తెచ్చునని అతడు మెచ్చుకొన్నాడు. రాజు తనకు తాంబూలముతోపాటు కర్పూరము ఇప్పించిన సంగతి చెప్పినాడు. మనము తాంబూలమును మర్యాదగా, భోజనానంతర సుఖముగా మాత్రమే తలచుచున్నాము. పరదేశి దానిని ముఖాలంకారముగా గుర్తించినాడు. పెదవులకు ఎరుపు, నోటికి పరిమళము, చెక్కిలికి తేజస్సు — ఈ మూడింటికి వేరువేరు సీసాలు పెట్టుకొనే నాగరకతకు ఒక్క ఆకు మడుపు జవాబు చెప్పినది.

ఇక రాజాలంకారము. పాయెస్ చూచిన రాయలు బంగారు గులాబీలు కుట్టిన తెల్లని వస్త్రములు ధరించినాడు. మెడలో వజ్రాల ఆభరణము. తల మీద జరీ టోపీ. పాదములకు చెప్పులు లేవు. శ్రీనాథుని చాటువు పుణ్యమా అని తెలుగువారు మరువని కుళ్లాయి అటువంటి టోపీయే. అంతఃపుర స్త్రీల మాట చెప్పనక్కరలేదు. వారి చేతుల కడియముల బరువు వారు మోయలేకపోగా, ప్రక్కన నడిచే స్త్రీలు వారి చేతులు పట్టి ఆనుకొనిచ్చేవారట. ఇది అందము కొరకు పెట్టుకొన్న బంగారము కాదు. రాజ్యము తన బొక్కసమును వీథిలో నడిపించుట. ఒంటినిండ బంగారము గల రాణులు, వట్టి పాదములతో రాజు, ముఖము మీద మశూచి మచ్చలు — ఇంత నిజమైన చిత్రమును మన దృశ్యకావ్యములు ఏవీ ఇంకను మనకు చూపలేదు.

కవులు ఏమి చెప్పినారు? ఇక్కడ మన సాహిత్యపు గొప్పతనమూ, దాని హద్దూ రెండూ తెలియవచ్చును. రాయలకు అంకితమైన ‘మనుచరిత్ర’లో ప్రవరుడు వరూధినిని కన్నులతో చూడకమునుపే ముక్కుతో గుర్తిస్తాడు. కస్తూరి, కర్పూరము కలిసిన తాంబూలపు వాసన గాలిలో తేలివచ్చి, ఇచ్చట స్త్రీ ఉన్నదని అతనికి చెప్పుతుంది. సౌందర్యము మొదట పరిమళముగా వచ్చి, పిమ్మట రూపముగా నిలుస్తుంది. మానసోల్లాసపు విలేపన తాంబూలోపభోగములకు ఇంతకంటె మంచి వ్యాఖ్యానము లేదు. జవ్వాది, పునుగు, అగరు, మంచిగంధము, కుంకుమపువ్వు అనే మాటలు మన ప్రబంధములలో కేవలము పద్యపూరణమునకు పడినవి కావు; ఆ కాలపు సంపన్న గృహములో గాలి ఎట్లుండినదో చెప్పే సాక్ష్యములు. సురవరం ప్రతాపరెడ్డిగారు ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాయుటకు కావ్యములనే గనులుగా త్రవ్వినది ఈ నమ్మకముతోనే. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమీ పురస్కారము వచ్చినప్పుడు ఆ పద్ధతికి కూడ గౌరవము కలిగినది.

కాని కవి గంధమును ఎంత నిజముగా చెప్పినా రాజముఖమును ఆ విధముగా చెప్పడు. రాయలను దినదినము చూచిన కవులు కృత్యాదిని ఆయనను స్తుతించినారు. ఆ స్తుతిలో మచ్చకు చోటు లేదు. ఇది వంచన కాదు. వర్ణనకు గమ్యము వేరు. రాజు భుజములు భూభారమును మోసేవి, ముఖము చంద్రుడు, కీర్తి వెన్నెల. ఆ చంద్రునికి మచ్చ ఉన్నా అది ఉపమానపు మచ్చ. మనుష్యుని రోగపు మచ్చ కాదు. తిరుమల ఆలయములో తిరుమలదేవీ చిన్నాదేవుల నడుమ చేతులు మోడ్చి నిలిచిన రాయల లోహప్రతిమ కూడ అట్టిదే. పొడవైన కుళ్లాయి, నున్నని చెక్కిళ్ళు, సగము మూసిన కన్నులు. అది దైవసన్నిధిలో నిలిచిన భక్తుని భావమునకు పోతపోసిన రూపము. ఆ శిల్పిని మచ్చలేవని అడుగుట న్యాయము కాదు. కవి గాని శిల్పి గాని, ఇది రాయల ముఖమును ఉన్నదున్నట్లు చూపుట అని మనకు మాట ఇవ్వలేదు.

వెండితెర ఆ మాట ఇచ్చినది. కెమెరా ముందు నిలిచినదే తెర మీదికి వచ్చునని ప్రేక్షకుని నమ్మకము. ఆ నమ్మకము చాటుననే ముఖము ఎంతగానో మారుతున్నది. మూకీల తొలిదినములలో వాడిన ఫిలిము ఎరుపును గ్రహించలేకపోయేది. ఎర్రని పెదవి నల్లగా పడేది. చర్మము మీది చిన్న మచ్చ కూడ ఉన్నదానికంటె ముదురుగా కనబడేది. అందుచేత నటీనటుల ముఖమునకు దట్టముగా రంగు పూయుట విలాసము కాక అవసరమైనది. అన్ని వర్ణములను గ్రహించే ప్యాన్‌క్రోమాటిక్ ఫిలిము వచ్చిన పిమ్మట, 1928లో మాక్స్ ఫాక్టర్ సంస్థ దానికి తగిన వర్ణలేపనములు తయారు చేసినది. రంగుల చిత్రముల కొరకు రూపొందిన ‘ప్యాన్‌కేక్’ 1938లో బజారులోనికి వచ్చినది. మద్రాసు జెమినీ స్టూడియోలో ఆ ప్యాన్‌కేక్ బండ్లకొద్దీ ఖర్చయ్యేదని, అక్కడ పనిచేసిన తమిళ రచయిత అశోకమిత్రన్ తన జ్ఞాపకములలో హాస్యముగా వ్రాసినారు. చర్మములోని ప్రతి రంధ్రమును మూసివేయుటే ఆ పూత పరమార్థమని ఆయన కనిపెట్టినారు. ఈ పరిశీలన మన ప్రశ్నకు నేరుగా సంబంధించినది. ప్రతి రంధ్రమును మూసే పూతకు మశూచి మచ్చ మొదటి శత్రువు.

మన చిత్రములలో రాయలు తరచుగానే కనబడినాడు. బి.ఎన్. రెడ్డిగారి ‘మల్లీశ్వరి’ (1951)లో ఆయన వేషము మార్చుకొని తిరుగుతూ, నాగరాజు హాస్యమునకు అన్న మాటను నిజమని పట్టుకొని పల్లకి పంపే ప్రభువు. ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చిత్రములలో నందమూరి తారకరామారావుగారు రాయల పాత్ర ధరించినారు. 1991లో వచ్చిన సింగీతం శ్రీనివాసరావుగారి ‘ఆదిత్య 369’లో నందమూరి బాలకృష్ణగారు రాయలుగానూ, కాలయంత్రమెక్కి ఆ కాలమునకు వెళ్ళిన నేటి యువకునిగానూ రెండు పాత్రలు వహించినారు. నాలుగు చిత్రములు, నాలుగు కథలు; ముఖము మాత్రము నున్ననిదే. పాయెస్ వలె ఆ కాలమునకు వెళ్ళి కన్నులార చూచే సాక్షిని కల్పించిన చిత్రములో కూడ, ఆ సాక్షికి ఎదురైనది తన ముఖము వంటి ముఖమే.

దీనికి కారణము అజ్ఞానము కాదని నా అభిప్రాయము. సూయెల్ గ్రంథము అప్పటికే సుప్రసిద్ధము. కారణము మరింత లోతున ఉన్నది. మన వెండితెర రాజముఖమును పాయెస్ నుండి గాక ప్రబంధము నుండి, ప్రతిమ నుండి తెచ్చుకొన్నది. ‘మల్లీశ్వరి’ కథ చూడండి. వేషము మార్చగానే రాజును ఎవరూ గుర్తింపరు. అనగా రాజును రాజుగా నిలిపేది ముఖము కాదు, కిరీటము, హారము, సింహాసనము. ముఖము ఆ ఆభరణములు తగిలించుటకు ఒక నున్నని చోటు. పైగా ‘మాయాబజార్’ (1957)లో శ్రీకృష్ణుడుగా జనులు చేతులెత్తి మ్రొక్కిన ముఖమే రాయల ముఖముగానూ వచ్చినప్పుడు, రాజునందు దైవాంశ ఉన్నదన్న పాత నమ్మకము తెర మీద మరల ప్రాణము పోసికొన్నది. దేవుని ముఖము మీద మశూచి మచ్చలు పెట్టే సాహసము ఏ రూపశిల్పికి కలుగుతుంది?

మరొక నష్టము కూడ ఉన్నది. పరిమళము తెరకు ఎక్కదు. ప్రవరుని ముక్కుకు తెలిసిన వరూధిని ప్రేక్షకునికి తెలియదు. గంధయుక్తి, విలేపనము, ధూపము అనే పెద్ద శాస్త్రమంతా చలనచిత్రములో నగలుగా, పట్టుచీరలుగా, కాటుకగా మారిపోయినది. కంటికి ఆనేది మాత్రమే అలంకారమైనది. నూనె, చెమట, స్నానము, గంధము అనే వరుస తెగిపోయి, చివర మిగిలిన హారము ఒక్కటే రాజసౌందర్యమైనది.

ఇట్టి చిక్కు మనకొక్కరికే వచ్చినదా అని చూచుటకు, రాయల శతాబ్దములోనే మశూచి వాతబడిన మరొక రాజముఖమును చూతము. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్ 1562 అక్టోబరులో హాంప్టన్ కోర్టు ప్రాసాదములో మశూచితో మరణపు అంచుదాక వెళ్ళి బ్రతికినది. ఆమెకు పరిచర్య చేసిన మేరీ సిడ్నీ — కవి ఫిలిప్ సిడ్నీ తల్లి — ఆ రోగము తనకు అంటుకొని ముఖమంతా వికృతమై కొలువునుండి తొలగిపోయినది. తాను అతిసుందరిగా విడిచి వెళ్ళిన భార్య తిరిగి వచ్చేసరికి ఎట్లయినదో ఆమె భర్త తరువాత ఒక లేఖలో బాధతో వ్రాసినాడు. రాణి బ్రతికినది; సేవికకు మచ్చలు మిగిలినవి. రాజముఖపు చరిత్రలో ఇటువంటి ముఖములు కూడ లెక్కకు రావలెను.

ఎలిజబెత్‌కు కూడ పాయెస్ వంటి పరదేశీ సాక్షులు ఉన్నారు. 1597లో ఫ్రెంచి రాయబారి ద మెస్ ఆమె ముఖము ముసలిదై సన్నబడినదనీ, పండ్లు పచ్చబడి, కొన్ని ఊడిపోయినవనీ వ్రాసినాడు. 1598లో జర్మను యాత్రికుడు పాల్ హెంట్జ్నర్ ముడుతలు పడిన తెల్లని ముఖము, నల్లబడిన పండ్లు, ఎర్రని సవరము చూచినాడు. అదే కాలములో కొలువు చేసిన పని దీనికి విరుద్ధము. రాణికి తగని చిత్రములను వెదకి తొలగించవలెనని 1596లో మంత్రిపరిషత్తు ఉత్తరువు ఇచ్చినది. ఆ దశాబ్దపు చిత్రపటములలో అరువది దాటిన స్త్రీ నవయౌవనముతో కనబడుతుంది. మన ప్రబంధకవి సహజముగా చేసిన పనిని అక్కడ ప్రభుత్వము ఉత్తరువుతో చేయించినది.

ఆంగ్ల వెండితెర మాత్రము మన దారికి ఎదురు దారి పట్టినది. 1939లో బెటీ డేవిస్ ముప్పది ఒకటవ యేట ఆ వృద్ధరాణి పాత్ర ధరించుటకు నుదుటి మీది జుట్టు గొరిగించుకొన్నది. 1971లో దూరదర్శన ధారావాహికకు గ్లెండా జాక్సన్ కూడ అట్లే చేసినది. మన దేశపు దర్శకుడు శేఖర్ కపూర్ తీసిన ‘ఎలిజబెత్’ (1998)లో చివర రాణి జుట్టు కత్తిరించి, ముఖమునకు, చేతులకు తెల్లని పూత పూసికొని, రక్తమాంసముల స్త్రీగా ఉన్నది కాస్తా ప్రతిమగా మారి సభలోనికి వస్తుంది. అట్లు ఒక్కసారిగా జరిగినట్లు చరిత్ర చెప్పదు; అది దర్శకుని కల్పన. అయినను అంగరాగము రాజ్యాధికారమునకు ముసుగు కాగలదన్న భావమును అంత సూటిగా చెప్పిన దృశ్యము అరుదు. రూపసజ్జకు ఆ చిత్రము ఆస్కారు పొందినది. 2018లో వచ్చిన ‘మేరీ క్వీన్ ఆఫ్ స్కాట్స్’లో మార్గో రాబీ ముఖము మీద మశూచి మచ్చలనే పెట్టి చూపినారు.

అయితే ఆ తెర సత్యము చెప్పినదనీ, మన తెర అసత్యము చెప్పినదనీ తొందరపడి తీర్పు ఇవ్వరాదు. సీసపు రేకులను వెనిగరు ఆవిరికి గురిచేసి తీసే తెల్లపొడిని ఆ కాలపు ఐరోపా సంపన్న స్త్రీలు వాడినమాట నిజమే. కాని తెర చూపే ఆ దట్టమైన తెలుపును రాణి నిత్యమూ ధరించినదనుటకు సాక్ష్యము చాల పలుచన. ఆ పూతయే ఆమెను చంపినదన్న ప్రసిద్ధ కథకు నిరూపణ లేదు. ఆమె 1603లో 69వ యేట మరణించినది. ఆ కాలమునకు అది దీర్ఘాయువే. పాలించే స్త్రీ తన స్త్రీత్వమును బలి పెట్టవలెనన్న కథ ఆధునికులకు కావలసి వచ్చినది. తెల్లని పూత ఆ కథకు గుర్తు అయినది. మచ్చలు గల పురుషుడు పాలిస్తే అక్కడ మచ్చలు లేవు. మచ్చలు గల స్త్రీ పాలిస్తే ఇక్కడ మచ్చలు తప్ప మరేమీ లేవు. ఒక తెర చెరిపినది, ఒక తెర పెంచినది. చేసినది రెండూ తమ కథకు కావలసినదే.

మచ్చను చెరపక, పెంచక చూపిన రాజచిత్రము మన దక్షిణదేశములో లేకపోలేదు. 1805 ప్రాంతములో థామస్ హికీ మైసూరు రాజకుటుంబపు స్త్రీలు ముగ్గురిని చిత్రించినాడు. నగల బరువుతో, నిండు అలంకారముతో ఉన్న ఆ స్త్రీలలో ఒకతె చీర చెరగు తొలగించి, టీకా వేసిన చేతిని చూపుతున్నట్లూ, మరొకతె ముక్కు, నోటి చుట్టూ కనబడే రంగు భేదము పాత పద్ధతిలో మశూచి రసమెక్కించుట వలన వచ్చినదన్నట్లూ చరిత్రకారుడు నైజెల్ ఛాన్సలర్ వివరించినాడు. క్రొత్తగా వచ్చిన టీకాను ప్రజలు స్వీకరించుటకు రాణులు తమ దేహమునే సాక్ష్యముగా నిలిపినారని ఆయన వాదము. ఆ వివరణ సరియైనదైతే, రాజసౌందర్యము మచ్చను దాచక దానినే ప్రజాక్షేమమునకు వినియోగించిన సందర్భము ఇది. అలంకారము తగ్గలేదు, అందమూ తగ్గలేదు.

ఇంతకూ ఆ మచ్చకు మన జనులు ఏ అర్థము ఇచ్చినారు? మశూచిని తెలుగువారు రోగమని పిలువలేదు, అమ్మవారు పోసినదన్నారు. పోలేరమ్మకు మ్రొక్కినారు. రోగము తగ్గిన తరువాత వేపాకు, పసుపు వేసిన నీళ్ళతో స్నానము చేయించినారు. నలుగులో సౌందర్యమునకు వాడే పసుపే ఇక్కడ శుద్ధికి వచ్చినది. మిగిలిన మచ్చలు అమ్మవారు వచ్చి విడిచిపోయిన గుర్తులు. వధువును వెదకేటప్పుడు అవి అడ్డము వచ్చినవనుట నిజమే; ఆ దుఃఖమును తక్కువ చేయరాదు. కాని ఆ ముఖములను చూచి ఎవరూ ఉలికిపడలేదు. ప్రతి వీథిలో అట్టివి ఉండేవి. ‘మల్లీశ్వరి’ని, ‘మహామంత్రి తిమ్మరుసు’ను మొదటిసారి చూచిన ప్రేక్షకులలో మచ్చల ముఖములవారు ఎందరో కూర్చుండి ఉందురు. తమ వంటి ముఖము గల చక్రవర్తి ఒకడు ఉండినాడని వారికి ఆ తెర చెప్పలేదు.

ఇప్పుడు పరిస్థితి మరొక మలుపు తిరిగినది. మన దేశములో చివరి మశూచి రోగి 1975లో కనబడినాక, 1977లో దేశము ఆ వ్యాధి నుండి విముక్తమైనదని ధ్రువపడినది. 1980లో ప్రపంచమంతటా అది నశించినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించినది. మానవజాతి సాధించిన మహావిజయములలో ఇది ఒకటి. దాని వెంట ఒక విస్మృతి కూడ వచ్చినది. నేటి యువపాఠకుడు మశూచి మచ్చల ముఖమును చూచి ఎరుగడు. పాయెస్ వాక్యము చదివినా అతని మనస్సులో ఏ రూపమూ మెదలదు. 1962లో చెరిపిన మచ్చను ప్రేక్షకుడు తన ఇంటిలోనే చూడగలిగేవాడు. నేడు చెరిపితే దానిని తిరిగి చూచే చోటు లేదు. వ్రాతలో ఉన్నంతవరకే అది ఉన్నది.

అందుచేత ఈ విషయములో రచయితకు, అనువాదకునికి బాధ్యత పెరిగినది. సాహిత్యసభలలో మనము రాయల నువ్వులనూనె ముచ్చటను ఉత్సాహముతో చెప్పుకొంటాము. దానికి సమీపములోనే ఉన్న మచ్చల మాటను అంత ఉత్సాహముతో చెప్పుకొనము. రెండూ ఒకే సాక్షి చెప్పినవి. ఒకటి నమ్మి ఒకటి విడుచుట చరిత్ర కాదు, ఏరుకొనుట. రాయలను కురూపిగా చూపవలెనని ఎవరూ కోరుట లేదు. కురూపి అని పాయెస్ అనలేదు. మచ్చలను విషాదకారణము చేసి, అద్దము ముందు నిట్టూర్చే రాయలను కల్పించుట కూడ అంతే తప్పు. అది ఎలిజబెత్ తెల్లపూతను తెలుగులోనికి దిగుమతి చేసికొనుట. కావలసినది సరళమైనది. తెల్లవారకముందు ఒళ్ళంతా నూనెతో, చెమటతో గుండ్లు ఎత్తే నడివయస్సు రాజు; కొంచెము బరువైన శరీరము; మచ్చల ముఖము; నవ్వు, కోపము రెండూ వెంటవెంటనే తెలిసే స్వభావము; స్నానానంతరము మంచిగంధము, తాంబూలము; కొలువులో బంగారు గులాబీల తెల్లని వస్త్రము, వట్టి పాదములు. ఈ మనుష్యుడు ‘ఆముక్తమాల్యద’ వ్రాసినాడంటే మనకు ఆ కావ్యము మీద గౌరవము తగ్గదు. దానిని వ్రాసిన చేయి మరింత దగ్గరగా కనబడుతుంది.

ప్రబంధకవికి చంద్రముఖమును విడిచిపెట్టుదము. అది అతని హక్కు. తిరుమల శిల్పికి నున్నని చెక్కిళ్ళు విడిచిపెట్టుదము. అది అతని భక్తి. చూచినట్లు చూపుతానని మాట ఇచ్చిన కళకు, దానికి కథ వ్రాసే కలమునకు మాత్రము చూచినవాని వాక్యమే ప్రమాణము కావలెను. ఆ వాక్యములో మచ్చలు ఉన్నవి, పరిపూర్ణత ఉన్నది, వాని నడుమ ‘అయినను’ లేదు.